సోమశిల బ్యాక్ వాటర్‌లో జంట ఇంజిన్ల కాటమరాన్: ప్రొపెల్లర్ ఎలా ఎంచుకున్నాం

ఏప్రిల్ చివరి వారం, మిట్టమధ్యాహ్నం ఫోన్ వచ్చింది. కొల్లాపూర్ దగ్గర, శ్రీశైలం జలాశయం బ్యాక్ వాటర్ ఒడ్డున ఉన్న సోమశిలలో బోటు నడిపే తమ్ముడు. "అన్నా, ఎడమ ఇంజిన్ మలుపుల అరుస్తుంది. అరిచినప్పుడు బోటు గిర్రున తిరుగుతుంది, జనం భయపడుతున్నరు. ఖాళీగున్నప్పుడేమో గుర్రం లెక్క ఉరుకుతది, జనం ఎక్కంగనే ఎద్దు లెక్కయితది."

నాకు కొల్లాపూర్‌లో చిన్న వర్క్‌షాప్ ఉంది. అంతకుముందు విశాఖ హార్బర్‌లో ఔట్‌బోర్డ్ ఇంజిన్ల, అంటే బోటు వెనక బయట తగిలించే ఇంజిన్ల పని నేర్చుకున్నాను. ఇక్కడికి వచ్చాక పంపుసెట్లు, జనరేటర్లతో పాటు కృష్ణ మీద తిరిగే బోట్ల ఇంజిన్లూ చూస్తున్నాను. ఆ తమ్ముడు ఒక్క ఫోన్‌లో చెప్పినవి నిజానికి రెండు వేర్వేరు జబ్బులు. రెండూ ఒకే బోటులో ఒకేసారి ఉండటంతో అంతకుముందు చూసినవాళ్లు ఒకదాన్ని రెండోదిగా పొరబడ్డారు. ఆ రెండింటినీ ఎలా విడదీశామో, చివరికి ఏ ప్రొపెల్లర్ బిగించామో వరసగా రాస్తున్నాను. జంట ఇంజిన్ల బోటు నడిపేవాళ్లకు లెక్కలతో సహా పనికొస్తుంది.

బోటు 24 అడుగుల ఫైబర్ కాటమరాన్. రెండు సన్నటి పొట్టలు, మధ్యలో సొరంగం, పైన డెక్. ఒక్కో పొట్ట వెనక ఒక్కో 115 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. గేర్ రేషియో 2.15, అంటే ఇంజిన్ 2.15 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో, అంటే వేగం పూర్తిగా ఇచ్చినప్పుడు, ఇంజిన్ 5,300 నుంచి 6,300 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య తిరగాలని మాన్యువల్‌లో ఉంది. పన్నెండు మంది ప్రయాణికులు, డ్రైవర్, హెల్పర్, రెండు ట్యాంకుల పెట్రోల్ కలిపితే మొత్తం బరువు మూడు టన్నులకు దగ్గర. సోమశిల నుంచి సంగమేశ్వరం వైపు, అప్పుడప్పుడు శ్రీశైలం దారిలో కొంత దూరం వెళ్లొస్తుంది.

ఇంజిన్లకు వచ్చిన ప్రొపెల్లర్లు అల్యూమినియంవి, మూడు రెక్కలవి, 19 పిచ్. పిచ్ అంటే కొత్తవాళ్లకు ఒక మాట: మెత్తటి చెక్కలో స్క్రూ తిప్పితే ఒక చుట్టుకు ఎంత లోపలికి దిగుతుందో, ప్రొపెల్లర్ ఒక చుట్టుకు అంత ముందుకు వెళ్లాలి. 19 పిచ్ అంటే 19 అంగుళాలు. నీళ్లు చెక్క కావు కాబట్టి ఎప్పుడూ కొంత జారుతుంది. ఆ జారుడునే స్లిప్ అంటాం.

బోటు జనవరిలో దిగింది. డెలివరీ రోజు పొద్దున్నే, చల్లటి గాలిలో, ఇద్దరే మనుషులు, సగం పెట్రోల్‌తో టెస్ట్ చేశారు. 5,700 ఆర్‌పీఎం, గంటకు 67 కిలోమీటర్లు. అందరూ సంతోషించారు. ఓనర్ ఆ వీడియో నాకు కూడా చూపించాడు. ఆ టెస్ట్‌లో తప్పేమీ లేదు, కాకపోతే ఆ బోటు ఆ రోజు తర్వాత మళ్లీ ఎప్పుడూ ఇద్దరితో నడవలేదు. అది నడవాల్సింది పద్నాలుగు మందితో, మే నెల ఎండలో. 19 పిచ్ ఎంచుకున్నప్పుడు ఆ బరువునూ ఆ ఎండనూ ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

నేను వెళ్లిన రోజు ముందు గేజ్‌లు చూశాను. ప్రొపెల్లర్ గురించి ఏ నిర్ణయమైనా ఆర్‌పీఎం మీదే నిలబడుతుంది, ఆ అంకె తప్పైతే మిగతాదంతా తప్పే. డయాగ్నసిస్ కేబుల్ పెట్టి ఇంజిన్ కంప్యూటర్‌లో అంకెను, డాష్‌బోర్డు మీద ముల్లును పక్కపక్కన పెట్టి చూస్తే ఎడమ గేజ్ 200 ఎక్కువ చూపిస్తోంది. డ్రైవర్ 5,050 అనుకుంటున్నది నిజానికి 4,850. ఇక వేగం జీపీఎస్‌తోనే కొలవాలి. అది కూడా ఎదురు దిశల్లో రెండుసార్లు కొలిచి సగటు తీయాలి. పైనుంచి జూరాల గేట్లు ఎత్తి ప్రవాహం ఉన్నా, గాలి ఒక పక్క నుంచి వీస్తున్నా ఒక్క దిశలో తీసుకున్న అంకె మోసం చేస్తుంది.

బరువు కోసం మనుషుల్ని ఎక్కించలేదు. మలుపులో గిర్రున తిరుగుతోందని తెలిసిన బోటులో జనాన్ని పెట్టి టెస్ట్ చేయడం నాకు ఇష్టం లేదు. వాటర్ ప్లాంట్ నుంచి 20 లీటర్ల క్యాన్లు 42 తెప్పించాం. ఒక్కోటి సరిగ్గా 20 కిలోల నీళ్లు, మొత్తం 840 కిలోలు, అంటే పన్నెండు మంది బరువు. ఇసుక బస్తాల కన్నా ఇవే మేలు: తూకం కచ్చితం, ఇటు నుంచి అటు జరపడం సులువు, పని అయ్యాక నీళ్లు పారబోస్తే చాలు. నేను, డ్రైవర్ లైఫ్ జాకెట్లు వేసుకుని, కిల్ స్విచ్ తాడు (లాగితే ఇంజిన్ ఆగిపోతుంది) చేతికి కట్టుకుని దిగాం.

మధ్యాహ్నం 42 డిగ్రీలు. ఫుల్ థ్రాటిల్, 4,850 ఆర్‌పీఎం, గంటకు 49 కిలోమీటర్లు.

లెక్క ఇలా. ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించి, గేర్ రేషియోతో భాగించి, 0.001524తో గుణిస్తే స్లిప్ లేకుండా ఎంత వేగం రావాలో గంటకు కిలోమీటర్లలో వస్తుంది. 4,850 ఇంటూ 19 బై 2.15 ఇంటూ 0.001524 అంటే సుమారు 65. వచ్చింది 49. అంటే స్లిప్ 25 శాతం. జనవరి అంకెలకు ఇదే లెక్క వేస్తే 12, 13 శాతం దగ్గర ఉంది. మొదటి జబ్బు ఇక్కడే దొరికింది. ఇంజిన్ తన కింది హద్దు 5,300ను కూడా అందుకోవడం లేదు. టాప్ గేర్‌లో ఘాట్ రోడ్డు ఎక్కుతున్న బండిలా ఉంది దాని పరిస్థితి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంది, తిరగాల్సినంత తిరగడం లేదు. ఇలా రోజూ నడిపితే పెట్రోల్ వృథా అవడంతో పోదు. లోపల మసి పడుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ల మీద భారం పడుతుంది.

ఎండ సంగతి కూడా చెప్పాలి, మన ప్రాంతంలో దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. గాలి వేడెక్కితే పల్చబడుతుంది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టమే 885 అడుగులు, ఎండాకాలం కొంత కింద ఉన్నా సముద్ర మట్టానికి దాదాపు 250 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తు, 42 డిగ్రీల వేడి కలిస్తే 25 డిగ్రీల సముద్ర మట్టపు గాలి కన్నా మన గాలి దాదాపు 8 శాతం పల్చన. ఇంజిన్ పీల్చే గాలి తగ్గితే బలం తగ్గుతుంది. జనవరి పొద్దున్న చలిలో ఆ ఎత్తు లోటు దాదాపు పూడిపోతుంది. అదే ఇంజిన్, అదే ప్రొపెల్లర్, జనవరికీ మేకీ వేర్వేరు అంకెలు చూపించడానికి బరువు తర్వాత ఇదే పెద్ద కారణం.

రెండో జబ్బు మలుపుది. దీని మీదే నేను ఎక్కువ రోజులు కూర్చున్నాను, ఎందుకంటే మనుషులు పడేది ఇక్కడే.

మామూలు బోటు మలుపు తిరిగేటప్పుడు సైకిల్‌లా లోపలికి వాలుతుంది. కాటమరాన్ అలా వాలదు. సమంగా ఉంటుంది, లేదా కొంచెం బయటి వైపుకు వాలుతుంది. ఎడమకు తిరిగితే కుడి పొట్ట దిగుతుంది, ఎడమ పొట్ట లేస్తుంది. దానితో పాటు ఎడమ ప్రొపెల్లర్ కూడా పైకి వచ్చి, పై నుంచి గాలి లాగుతుంది. రెక్కల చుట్టూ నీళ్ల బదులు గాలి బుడగలు చేరగానే పట్టు పోతుంది. ఇంజిన్ ఒక్కసారిగా 6,000 దాటి అరుస్తుంది, ఇంజిన్ హద్దు దాటి తిరగకుండా ఆపే లిమిటర్ కోత పెడుతుంది. ఆ క్షణంలో ఎడమ ఇంజిన్ తోయడం లేదు, కుడి ఇంజిన్ మాత్రం పూర్తి బలంతో తోస్తోంది. కుడి పక్క నుంచి తోస్తే ముక్కు ఎడమకు తిరుగుతుంది. అప్పటికే ఎడమకు తిరుగుతున్న బోటు ఇంకా గట్టిగా తిరుగుతుంది. తమ్ముడు గిర్రున అన్నది ఇదే.

దీన్ని చాలామంది మెకానిక్‌లు కావిటేషన్ అంటారు. కావిటేషన్ వేరు. రెక్క నీళ్లను లాగే వైపు ఒత్తిడి మరీ తగ్గిపోయినప్పుడు నీళ్లు చల్లగా ఉండగానే మరిగి ఆవిరి బుడగలవుతాయి. ఆ బుడగలు పగిలేటప్పుడు రెక్క మీద లోహాన్ని కొరుకుతాయి. పాత ప్రొపెల్లర్ల మీద చెదలు తిన్నట్టు కనిపించే గుంటలు దానివే. ఇక్కడ రెక్కలు నున్నగా ఉన్నాయి, ఒక్క గుంట లేదు. ఇది బయటి గాలి దూరడం, దీని పేరు వెంటిలేషన్. జబ్బు పేరు తప్పైతే మందు తప్పవుతుంది. ఈ ఇంజిన్‌ను అంతకుముందు చూసినతను కావిటేషన్ అనుకుని రెక్కల అంచులు ఆకురాయితో అరగదీసి పోయాడు.

మరి ఎడమకే ఎందుకు? కుడికి తిరిగినప్పుడు కుడి ఇంజిన్ కూడా అరవాలి కదా. అరవడం లేదు. బోటును ట్రాలీ మీద గట్టుకు లాగించి, వెనక కింద పడుకున్నాను. ఒక తిన్నటి అల్యూమినియం పైపు తెచ్చి పొట్ట అడుగు గీతకు ఆనించి వెనక్కి పెట్టి చూశాను. ప్రొపెల్లర్ పైన గొడుగులా ఉండే రేకును అందరూ కావిటేషన్ ప్లేట్ అంటారు. దాని అసలు పని పై నుంచి గాలి దిగకుండా ఆపడం. కుడి ఇంజిన్ ప్లేట్ పైపుకు సరిగ్గా సమంగా తగిలింది. ఎడమ దాని కింద నా బొటనవేలు దూరింది. టేపుతో కొలిస్తే 19 మిల్లీమీటర్లు. ఆ అంకె చూడగానే విషయం తెలిసింది. ఔట్‌బోర్డ్ బ్రాకెట్‌లో బోల్టు రంధ్రాల మధ్య దూరం ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లే. బిగించినప్పుడు ఎడమ ఇంజిన్‌కు ఒక రంధ్రం తేడాగా బోల్టు వేశారు. పైనుంచి చూస్తే రెండు ఇంజిన్లూ సమంగానే కనిపిస్తాయి, ఎవరికీ అనుమానం రాదు.

దీనికి తోడు ఇంకో సంగతి, డ్రైవర్ చెప్తేనే తెలిసింది. ఎండాకాలం నీళ్లు తగ్గాక సంగమేశ్వరాలయం బయటపడుతుంది. బోటు దాని దగ్గరికి రాగానే గుడి కనిపించే పక్కకు అందరూ లేచి వస్తారు, ఫోన్లు తీస్తారు. గుడి కుడి పక్కన ఉంటే పన్నెండు మంది కుడికి. కుడి పొట్ట దిగుతుంది, ఎడమది లేస్తుంది. సరిగ్గా అప్పుడే డ్రైవర్ గుడి చుట్టూ తిప్పడానికి స్టీరింగ్ మళ్లిస్తాడు. అరిచిన ప్రతిసారీ అక్కడే అరిచిందట.

ముందు ఎడమ ఇంజిన్‌ను ఒక రంధ్రం దించి రెండూ సమం చేశాం. రెండు ఇంజిన్లను కలిపే టై బార్ కూడా సరిచేశాం. ప్రొపెల్లర్ నట్టుల మధ్య దూరం, ముందు వైపు గేర్‌కేస్ (గేర్లు ఉండే కింది భాగం) ముక్కుల మధ్య దూరం కొలిస్తే కొంచెం తేడా ఉంది, సమాంతరం చేశాం. తర్వాత పది క్యాన్లు కుడి పక్కకు జరిపి ఎడమ మలుపు తిప్పాం. మునుపు అరిచే వేగంలో ఇప్పుడు అరవలేదు. ఇంకొంచెం వేగం పెంచితే మళ్లీ అరిచింది. తగ్గింది కానీ పోలేదు.

తర్వాత ప్రొపెల్లర్లు. తెలిసినవాళ్ల దగ్గర 17 పిచ్ అల్యూమినియం జత అరువు తెచ్చాను. కొనకముందు అరువు తెచ్చి చూడటం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద పొదుపు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందని లెక్క. నిండు బరువుతో, మళ్లీ మధ్యాహ్నం ఎండలోనే పెట్టి చూస్తే 5,200, వేగం 51.5. స్లిప్ 18 శాతానికి దిగింది. అయినా 5,300 రాలేదు. కుడికి బరువు పెట్టి తిప్పితే పట్టు ఇంకా జారుతూనే ఉంది.

అప్పుడు నాలుగు రెక్కల స్టీల్ ప్రొపెల్లర్ మీదకు వచ్చాం. నాలుగు రెక్కలుంటే నీళ్లను పట్టుకునే వైశాల్యం పెరుగుతుంది. ఒక రెక్క గాలిలో పడ్డా మిగతావి పట్టి ఉంటాయి. స్టీల్ రెక్క భారానికి వంగదు, పలచగా చేయొచ్చు, చివర అంచు కొంచెం మడిచి ఉంటుంది. ఆ మడతను కప్ అంటారు, గాలి దూరినా నీళ్లు జారిపోకుండా పట్టేది అదే. నాలుగో రెక్క లాగే భారం వల్ల అదే పిచ్‌లో 50 నుంచి 100 ఆర్‌పీఎం తగ్గుతుంది. అందుకే 17 వద్దనుకుని 16 పిచ్ అడిగాను.

నిండు బరువు, మే మధ్యాహ్నం: 5,400 ఆర్‌పీఎం, గంటకు 53 కిలోమీటర్లు, స్లిప్ 13.5 శాతం. పది క్యాన్లు కుడికి జరిపి ఎడమ మలుపు తిప్పితే ఇంజిన్ గొంతు కొంచెం మారింది కానీ అరవలేదు. ఐదుసార్లు తిప్పాం. మూడోసారి నుంచి డ్రైవర్ చేతిలో బిగువు పోయింది, అప్పటిదాకా స్టీరింగ్‌ను పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఖాళీ బోటుతో అయితే మేలో 6,000, వేగం 61. జనవరిలో వచ్చిన 67తో పోలిస్తే ఆరు కిలోమీటర్లు తక్కువ. ఓనర్‌కు ఇది నచ్చలేదు. "ఇంత ఖర్చు పెట్టి స్పీడ్ తగ్గించుకున్నామా?" అని అడిగాడు. ఆయనతో కూర్చుని ఒకటే చెప్పాను: ఖాళీగా నడిపితే మీకు రూపాయి రాదు, జనంతో నడిపినప్పుడు 49 ఉన్నది 53 అయింది. ఇంకా కింద 15 పిచ్ వేస్తే నిండు బరువుతో ఇంజిన్ ఇంకా తేలిగ్గా తిరిగేది, నిజమే. కానీ జనవరి పొద్దున ఖాళీగా నడిపితే 6,300 లిమిటర్‌ను కొట్టుకునేది. 16 దగ్గర ఆగడానికి కారణం అదే: ఏడాదిలో అన్నిటికన్నా బరువైన, వేడైన రోజున 5,300 పైన ఉండాలి, అన్నిటికన్నా తేలికైన, చల్లటి రోజున 6,300 కింద ఉండాలి. తర్వాతి జనవరిలో పొద్దున్నే ఖాళీగా చూస్తే 6,150 వచ్చింది.

పెట్రోల్ కూడా కొలిచాం. ట్యాంకు గొంతు దాకా నింపి, నిండు బరువుతో గంటకు 42 కిలోమీటర్ల దగ్గర నిలిపి నడిపి, మళ్లీ నింపి చూడటమే. పాత 19 పిచ్‌తో ఆ వేగానికి రెండు ఇంజిన్లూ కలిపి గంటకు 54 లీటర్లు తాగాయి, కొత్తవాటితో 46. సీజన్‌లో రోజుకు మూడు గంటలు నడిచే బోటుకు ఈ తేడా చిన్నది కాదు.

అంతకుముందు ఒక సంఘటన జరిగింది, రాయకుండా వదిలేయలేను. జంట ఇంజిన్లలో ఒకటి కుడిచేతి వాటం, ఒకటి ఎడమచేతి వాటం. రెండూ ఎదురెదురుగా తిరిగితే ఒకదాని లాగుడును ఇంకొకటి సరిచేస్తుంది, స్టీరింగ్ ఒక పక్కకు పోదు. ఈ బోటులో ఎడమ ఇంజిన్ ఎడమ వాటానిది, కానీ స్పేర్ ప్రొపెల్లర్ మాత్రం ఒకే ఒకటి, కుడి వాటానిది ఇచ్చారు. నేను రాకముందు ఒకరోజు ఎడమ రెక్క మొద్దుకు తగిలి విరిగితే ఆ స్పేర్ తగిలించారు. షాఫ్ట్ పళ్లు ఒకటే కాబట్టి చక్కగా కూర్చుంది. ఫార్వర్డ్ వేస్తే ఆ ఇంజిన్ బోటును వెనక్కి లాగింది. ఎవరో పక్కనుంచి "దానికి రివర్స్ వెయ్, సరిపోతది" అన్నారట, సాయంత్రం దాకా అలాగే నడిపారు. దయచేసి ఇది ఎవరూ చేయొద్దు. రివర్స్ గేరు, దాని బేరింగులు ఘాట్ దగ్గర కొద్దిసేపు వెనక్కి జరగడానికి చేసినవి, గంటల తరబడి పూర్తి భారం మోయడానికి కాదు. అదృష్టం బాగుండి ఆయిల్‌లో లోహపు పొడి కనిపించలేదు.

ఆయిల్ అంటే ఇంకోటి. మన నీళ్లలో వలలు ఎక్కువ. తెగిన వల దారం ప్రొపెల్లర్ వెనక షాఫ్ట్‌కు చుట్టుకుంటుంది, బయటికి కనపడదు. తిరిగే కొద్దీ సీల్ లోపలికి కోసుకుంటూ పోతుంది, గేర్ ఆయిల్‌లో నీళ్లు చేరతాయి. కుడి ఇంజిన్ డ్రెయిన్ స్క్రూ విప్పితే ఆయిల్ పాలు ఎక్కువైన చాయ్ రంగులో దిగింది. ప్రొపెల్లర్ లాగి చూస్తే వాషర్ వెనక నైలాన్ దారం గట్టి ఉండలా ఉంది, బ్లేడుతో కోసి తీయాల్సి వచ్చింది. సీల్ మార్చాం. ఇప్పుడు ప్రతి నెలా రెండు ప్రొపెల్లర్లూ విప్పి షాఫ్ట్ చూడటం డ్రైవర్ పని. ఆనోడ్లు కూడా మార్చాం, అంటే ఇంజిన్ లోహాన్ని నీళ్లు తినకుండా తాము అరిగిపోయే లోహపు ముక్కలు. వచ్చినవి ఉప్పునీళ్లకు పనికొచ్చే జింక్‌వి, కొత్తవాటిలా ఏమాత్రం అరగకుండా ఉన్నాయి. అవి అరగలేదంటే పని చేయడం లేదని అర్థం. మంచినీళ్లలో మెగ్నీషియం వేయాలి.

స్టీల్ ప్రొపెల్లర్‌తో ఒక భయం ఉంది, దాన్ని నేను ఓనర్ దగ్గర దాచలేదు. అల్యూమినియం రెక్క మొద్దుకు తగిలితే తాను విరిగి గేర్లను కాపాడుతుంది. స్టీల్ అంత సులువుగా విరగదు, దెబ్బ లోపలికి పోతుంది. మధ్యలో ఉండే రబ్బరు హబ్ జారి కొంత కాపాడుతుంది, అంతే. శ్రీశైలం నీళ్లు తగ్గితే మునిగిన ఊళ్ల గోడలు, చెట్ల మొద్దులు పైకి దగ్గరగా వస్తాయి. అందుకని నీటి మట్టం తగ్గిన నెలల్లో ఒడ్డు వైపు, పాత ఊళ్ల మీదుగా పోయే దారిలో నెమ్మదిగానే వెళ్లాలని నిర్ణయించాం. ఆ దారిలోనే పుట్టీల్లో చేపలు పట్టేవాళ్లు ఉంటారు. వేగంగా పోయే బోటు అల తగిలితే పుట్టి తిరగబడుతుంది, కాబట్టి అక్కడ నెమ్మదించడానికి అది ఇంకో పెద్ద కారణం.

స్పేర్‌గా 17 పిచ్ అల్యూమినియం జత కొనిపించాను. ఒకటి కుడి వాటం, ఒకటి ఎడమ వాటం, వాటి మీద పెయింట్‌తో పెద్దగా "కు", "ఎ" అని రాశాం. వాటితో పాటు నట్టులు, వాషర్లు, స్ప్లిట్ పిన్నులు, పానా, ఒక చెక్క దిమ్మె అన్నీ ఒక సంచిలో పెట్టి డెక్ కింద ఉంచాం. ఆఖరి రోజు తమ్ముణ్ణి సోమశిల ఘాట్ దగ్గర నడుము లోతు నీళ్లలో నిలబెట్టి ఎడమ ప్రొపెల్లర్ మార్చమన్నాను. కిల్ స్విచ్ తాడు తీసి జేబులో పెట్టుకున్నాడు. రెక్కకూ ప్లేట్‌కూ మధ్య దిమ్మె పెట్టి, పిన్ను లాగి, నట్టు విప్పాడు. వాషర్ జారి నీళ్లలో పడిపోతే మునిగి వెతుక్కుని తెచ్చాడు. "ఎ" అని రాసింది చూసి మరీ ఎక్కించాడు. మొత్తం ఇరవై రెండు నిమిషాలు పట్టింది. తర్వాతిసారి వాషర్‌ను నోట్లో పెట్టుకున్నాడు, పదిహేనులో అయిపోయింది.